ఎయిర్‌మాడ్ రన్ సాఫీగా అయింది, పొగ మాత్రం తప్పు వైపు పోయింది

ఎయిర్‌మాడ్ అంటే చిమ్నీ పొగ గాలిలో ఎటు, ఎంత పరుచుకుంటుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్. గంటగంటకీ మారే చిమ్నీ డేటాతో దాన్ని రన్ చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇన్‌పుట్ ఫైల్ రాయడం, మెట్ (వాతావరణ) ఫైళ్లు చేయడం మీకు వచ్చుననే అనుకుంటున్నాను. సాయం అడిగిన ప్రతివాళ్లనీ ముందు ఒకటే అడుగుతాను: ఒక్క రోజు డేటా గ్రాఫ్ గీసి, ప్లాంట్ లాగ్‌బుక్ పక్కన పెట్టుకుని చూశారా? చూశామన్నవాళ్లు ఇప్పటికీ తక్కువే.

సమస్య: చిమ్నీ ఫైల్లో తేదీ, మెట్ ఫైల్లో తేదీ కలవడం లేదంటూ రన్ ఆగిపోతోంది.

మోడల్‌కి గంటలు 1 నుంచి 24. ఎక్సెల్ అర్ధరాత్రిని మర్నాటి 00:00గా చూపిస్తుంది. ఆ టైం గంట చివరిదైతే, మోడల్ లెక్కలో అది ముందురోజు 24వ గంట. అది సరిచేశాక వరసలు లెక్కపెట్టండి. ఒక్కో చిమ్నీకి మామూలు ఏడాదిలో 8,760, లీపు ఏడాదిలో 8,784 ఉండాలి. తగ్గితే ఎక్కడో గంట జారిపోయింది.

సమస్య: గాఢత అంతా చిమ్నీ మొదట్లోనే కుప్పపడుతోంది.

ఉష్ణోగ్రత సెల్సియస్‌లో ఇచ్చి ఉంటారు. 140 డిగ్రీల వాయువును 140 కెల్విన్ అని చెబితే మోడల్ దాన్ని గడ్డకట్టే చలిలో ఉన్న పొగ అనుకుంటుంది, ఇక పైకెలా లేస్తుంది? 273 కలపండి. పనిలో పనిగా ఇంకొకటి చూడండి. నార్మల్ ఘనపు మీటరుకు (25 డిగ్రీల దగ్గర లెక్కగట్టినది) మిల్లీగ్రాముల్లో ఉన్న రీడింగును చిమ్నీలోని వేడి ఫ్లోతో గుణించారా? 25 డిగ్రీలప్పటితో పోలిస్తే 140 దగ్గర వాయువు దాదాపు 1.4 రెట్లు ఉబ్బి ఉంటుంది, ఎమిషన్ రేటూ (సెకనుకు బయటికొచ్చే కాలుష్యం) అంత ఎక్కువ వస్తుంది. రేటుకు నార్మల్ ఫ్లో, ఎగ్జిట్ వెలాసిటీకి (పొగ బయటికొచ్చే వేగానికి) అసలు ఫ్లో వాడాలి.

సమస్య: ఎర్రర్ లేదు, అంకెలూ నమ్మేలాగే ఉన్నాయి. కానీ గరిష్ఠ గాఢత వచ్చే గంటా, దిక్కూ పొంతన లేకుండా ఉన్నాయి.

గడియారం తేడా. దీంతో నేను రెండుసార్లు చేతులు కాల్చుకున్నాను.

మొదటిసారి వైజాగ్‌లోనే, ఒక బాయిలర్ చిమ్నీ. ప్లాంటు పేరెందుకు గానీ, అక్కడ షిఫ్టులు ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10కి మారతాయి. షిఫ్టు ఎక్కగానే సూట్ బ్లోయింగ్ చేస్తారు (బాయిలర్‌లో పేరుకున్న మసిని ఊది వదిలిస్తారు), ధూళి రీడింగు ఎగబాకుతుంది. రిపోర్టు సగం రాశాక గ్రాఫ్ చూస్తే ఆ శిఖరాలు 00:30, 8:30, 16:30 దగ్గర ఉన్నాయి. అర్ధరాత్రి పన్నెండున్నరకి ఏ షిఫ్టు మారుతుంది? లాగర్ (రీడింగులు నమోదుచేసే పరికరం) యూటీసీలో, అంటే గ్రీన్‌విచ్ సమయంలో నడుస్తోంది, మనకన్నా అయిదున్నర గంటలు వెనక. మధ్యాహ్నం 2 గంటల ధూళిని సముద్రపు గాలి ఊళ్ల వైపు తోస్తుంది. నా మోడల్‌లో అది పొద్దున్నే బయల్దేరి సముద్రం మీదికి పోయింది.

ఇక్కడ ఆ అరగంటే అసలు తలనొప్పి. యూటీసీ గంటలకు సగటు కట్టేశాక దాన్ని ఐఎస్‌టీకి (మన సమయానికి) జరపలేరు, ఒక్కో సగటూ మన రెండు గంటల మీద సగం సగం పడుతుంది. వెనక్కి వెళ్లి 15 నిమిషాల డేటా తీసుకోండి, 22 వరసలు కిందికి జరపండి, ఆ తర్వాతే గంట సగటు కట్టండి.

రెండోసారి లాగర్ ఐఎస్‌టీలోనే ఉంది, అయినా తప్పింది. 14:00 అని ఉన్న వరస 13:45 నుంచి 14:00 దాకానా, 14:00 నుంచి 14:15 దాకానా? మోడల్‌కి 14వ గంటంటే 13:00 నుంచి 14:00. నా డేటాలో వరస మీదున్న టైం ఆ పావుగంట మొదలయ్యేది. నేను ఎక్సెల్లో గంట అంకె తీసి గుంపులు చేశాను, ఎమిషన్ అంతా ఒక గంట ముందుకొచ్చింది. ఒక్క గంటకేముంది అనకండి. సముద్రపు గాలి మొదలయ్యే పూట ఒక గంట తేడాతో పొగ సముద్రం మీదికి పోవచ్చు, లేదా అటు యారాడ కొండకీ ఇటు కైలాస కొండలకీ మధ్యనున్న బౌల్ ఏరియాలోకి రావచ్చు.

ఇది తేల్చడానికి వెండర్‌కి ఫోన్ చేయక్కర్లేదు. లాగ్‌బుక్‌లో ఒక ట్రిప్ (బాయిలర్ హఠాత్తుగా ఆగిపోవడం) వెతకండి, 13:52కి అయిందనుకుందాం. ఫ్లో 13:45 వరసలోనే తగ్గడం మొదలైతే వరస మీదున్న టైం పావుగంట మొదటిది. 14:00 వరసలో మొదలైతే చివరిది. మొదటిదైతే సగటు కట్టాక ప్రతి గంటకీ ఒకటి కలపండి.

మెట్ ఫైల్‌కీ ఇదే పరీక్ష. మనం ఐఎస్‌టీకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి దగ్గరగా ఉన్నాం, ఎండ గరిష్ఠం 12 అటూఇటూ ఉండాలి. 6, 7 గంటల దగ్గర కనిపిస్తే అది యూటీసీ. మెట్ డేటా డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ మోడల్ నుంచి తీస్తుంటే అరగంటకోసారి అవుట్‌పుట్ అడగండి, గంటకోసారి తీస్తే ఐఎస్‌టీకి సరిపడే అంకె ఉండదు.

సమస్య: వార్షిక సగటు మరీ తక్కువ.

కాలిబ్రేషన్ (మీటరు సరిచూసే) గంటల్లో గడులు ఖాళీగా వదిలేశారు. మోడల్ వాటిని సున్నా చేసి ఊరుకుంటుంది. బాయిలర్ నిజంగా ఆగిందా, మీటరే ఆగిందా లాగ్‌బుక్‌లో చూడండి. మీటరే ఆగితే పక్క గంటల్లో ఎక్కువున్న అంకె వేసి, వేశామని రిపోర్టులో రాయండి.

సోర్స్ ఐడీలో (మోడల్‌లో చిమ్నీకిచ్చే పేరులో) అక్షరం తేడా, ఒక గంటలో చిమ్నీల వరస తారుమారు కావడం లాంటివి నాకు ఏడాదికోసారి తగులుతాయేమో. వాటితో మొదలుపెట్టకండి.