టీవీ బాక్సుతో పాత ఆటల యంత్రం – మూడవ పాఠం: కార్డు తయారీ, మొదటి బూట్

గత రెండు పాఠాలలో బాక్సును ఎంచుకొని, దాని లోపల ఉన్న చిప్పు పేరునూ ర్యామ్ పరిమాణాన్నీ కాగితం మీద రాసిపెట్టుకున్నాము. ఈ పాఠంలో ఎమ్యూఎలెక్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమును మైక్రో ఎస్‌డీ కార్డులోకి ఎక్కించి, బాక్సును ఆ కార్డు నుండే ఆన్ (బూట్) చేస్తాము. ఆండ్రాయిడ్ ఉన్న లోపలి మెమరీలో మనం ఏమీ రాయము కనుక, కార్డు తీసేస్తే బాక్సు మళ్ళీ ఎప్పటిలాగే సినిమాలు చూపిస్తుంది. అయినా ఇంటర్నెట్ కనెక్షనుతో పాటు ఆపరేటరు ఇచ్చిన బాక్సు మీద ఈ ప్రయోగం చేయకండి. అది మీ సొత్తు కాదు, చాలా వాటిలో బయటి కార్డు నుండి బూట్ కానివ్వరు కూడా.

టీవీ బాక్సుల విషయంలో ఎమ్యూఎలెక్ ఆమ్‌లాజిక్ చిప్పుల కోసం తయారైనది. రాక్‌చిప్, ఆల్‌విన్నర్ బాక్సులు ఉన్నవారికి ఈ పాఠం ఉపయోగపడదు. పేరులో ‘ఎన్‌జి’ అని ఉన్న ఇమేజ్ (సిస్టము మొత్తం ఇమిడి ఉండే ఒకే ఫైలు) ఎస్905ఎక్స్2, ఎస్905ఎక్స్3 తరానికి చెందినది. ఎస్905ఎక్స్, ఎస్905డబ్ల్యు వంటి పాత చిప్పులకు వేరే ఇమేజ్ ఉంటుంది. సరైనదాన్ని దింపుకొని, 16 జీబీ లేదా అంతకు మించిన కార్డులోకి, కంప్యూటరులో నడిచే బలేనా ఎచర్ అనే ప్రోగ్రాముతో రాయండి. కార్డు మీద ముందున్నదంతా చెరిగిపోతుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఒకే చిప్పుతో ఎందరో తయారీదారులు రకరకాల బోర్డులు చేస్తారు. ఏ భాగం ఎక్కడ ఉందో, ర్యామ్ ఎంతో సిస్టముకు చెప్పే చిన్న ఫైలే డివైస్ ట్రీ. కార్డును కంప్యూటరులో తెరిచి, డివైస్ ట్రీల ఫోల్డరులో మీ చిప్పుకు తగిన ఫైలును కాపీ చేసి, అన్ని ఫోల్డర్లకూ బయట పెట్టి, దాని పేరును ‘డీటీబీ.ఐఎంజీ’ అని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో మార్చండి. ఎస్905డబ్ల్యు బాక్సులకు సాధారణంగా పేరులో ‘పి281’ ఉన్నది, ఎస్905ఎక్స్ బాక్సులకు ‘పి212’ ఉన్నది సరిపోతుంది. చివరనున్న ‘1జి’, ‘2జి’ ర్యామ్‌ను సూచిస్తాయి. డబ్బా మీద అచ్చువేసిన ర్యామ్ అంకెను, నా అభిప్రాయంలో, అస్సలు నమ్మకూడదు; ‘2జి’తో తెర నల్లగా ఉండిపోతే బాక్సు పాడైందని కంగారు పడక ‘1జి’తో ప్రయత్నించండి.

ఇప్పుడు కార్డును బాక్సులో పెట్టి, చాలా బాక్సులలో ఏవీ కేబుల్ గుచ్చే రంధ్రం అడుగున దాగి ఉండే రీసెట్ బటన్‌ను పళ్ళు కుట్టుకునే పుల్లతో మెల్లగా నొక్కి పట్టుకొని కరెంటు ఇవ్వండి. సూది, పిన్నీసు వంటి లోహపు వస్తువులు వాడకండి. తెర మీద ఎమ్యూఎలెక్ బొమ్మ కనిపించగానే వదిలేయండి. ఇకపై కార్డు ఉన్నంతకాలం పుల్లతో పని ఉండదు.

మొదటిసారి బూట్ అయినప్పుడు సిస్టము కార్డులో మిగిలిన చోటంతా విభజించుకొని తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. ఆ కొద్ది నిమిషాలలో కరెంటు పోతే కార్డును మళ్ళీ మొదటినుండి రాయవలసి వస్తుంది. తుఫాను గాలులు వీచే కార్తీక మాసంలో, అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు ఉన్నవారు ఈ పనిని ఇన్వర్టరు మీద నడిచే ప్లగ్గు దగ్గర పెట్టుకోవడం మంచిది. ఆ తరువాత కూడా స్విచ్ తీసి ఆపకుండా, మెనూలోని షట్‌డౌన్‌తోనే ఆపండి.

ఆటల మెనూ రాగానే యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ తగిలించి, ఏదో ఒక బటన్‌ను నొక్కి పట్టుకుంటే బటన్లను ఒక్కొక్కటిగా అడుగుతుంది. మీ ప్యాడ్‌లో లేని బటన్ అడిగినప్పుడు ఉన్నదాన్నే కాసేపు నొక్కి ఉంచితే దాటిపోతుంది. చివరన హాట్‌కీ (వేరే బటన్లతో కలిపి నొక్కే బటన్) అడిగినప్పుడు సెలెక్ట్ ఇవ్వండి. అప్పుడు సెలెక్ట్, స్టార్ట్ కలిపి నొక్కి ఆటలోంచి బయటికి రావచ్చు. సంక్రాంతికి వచ్చే పిల్లలు ఇద్దరు కలిసి ఆడాలంటే రెండవ ప్యాడ్‌నూ ఇప్పుడే ఇలాగే నేర్పించి ఉంచండి. కాపీ చేసుకునే హక్కు మనకున్న ఆటలను ఏ ఫోల్డరులో పెట్టాలో నాలుగవ పాఠంలో చూద్దాము. ఈలోగా కార్డులో ఆటల ఫైళ్ళు పెట్టే ‘రామ్స్’ ఫోల్డరు ఎక్కడుందో వెతికి గుర్తుపెట్టుకోండి.