సీడ్ వేసేముందు కోడ్‌లో కామెంట్లు చూసుకోండి

భీమవరం, ఆకివీడు వైపు చెరువుల్లో సీడ్ (రొయ్య, చేప పిల్లలు) పడే రోజులు దగ్గరపడుతుంటే, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కంట్రోలర్లకు కోడ్ రాసేవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ మోటారు తిరగకపోతే రైతు తిన్నగా మన గుమ్మంలోకే వస్తాడు. అందుకని కామెంట్ల (కోడ్‌లో మనుషుల కోసం రాసుకునే, యంత్రం పట్టించుకోని నోట్స్) స్టైల్ సరిచేసే పని ఏదైనా ఉంటే ముందే ముగించండి, ఆఖరి వారానికి పెట్టుకోవద్దు.

కొన్ని కంట్రోలర్ బోర్డులకు ఇంకా పాత సీ కంపైలరే (సీ భాషలో రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) దిక్కు. అక్కడ // తో మొదలై వరుస చివరిదాకా పోయే కామెంట్ చెల్లదు, /* */ మధ్య రాసేది ఒక్కటే చెల్లుతుంది. // సీ ప్రమాణంలోకి వచ్చింది 1999లో. మిస్రా 2004 నియమాలు (సీ కోడ్ భద్రంగా రాయడానికి పెట్టినవి) పాటించమనే కస్టమర్ ఉన్నా // వాడకూడదు.

చిక్కేమిటంటే, ఎడిటర్ రెండు రకాలనూ ఒకే రంగులో చూపిస్తుంది. దాన్ని మార్చండి. విమ్ ఎడిటర్‌లో // కామెంట్లకు సీకామెంట్‌ఎల్ (cCommentL) అనే రంగుల గ్రూప్ విడిగా ఉంది, దాన్ని ఎర్రర్ రంగుకు లింక్ చేస్తే సరి. విఎస్ కోడ్‌లో సెట్టింగ్స్‌లోని టోకెన్ రంగుల దగ్గర డబుల్ స్లాష్ లైన్ కామెంట్ స్కోప్‌కు (comment.line.double-slash) ఎరుపు ఇవ్వండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు టీమ్‌లో ఉండొచ్చు, కింద గీత కూడా పెట్టండి. // ఎక్కడ కనపడినా రంగు వేసే ఉత్తి ప్యాటర్న్ మాత్రం వద్దు. కోట్స్‌లో ఉన్న వెబ్ అడ్రస్ కూడా తప్పుగా కనపడుతుంది. నాలుగు రోజులు అలా చూశాక ఎరుపును ఎవరూ పట్టించుకోరు.

అసలు ప్రమాదం దిద్దేటప్పుడే. ఎర్రగా కనపడ్డవన్నీ ఫైండ్ రీప్లేస్‌తో ఒక్క దెబ్బకు మార్చేద్దామని అనిపిస్తుంది. // కామెంట్ చివర \ ఉంటే కింది వరుస కూడా కామెంటే. రీప్లేస్ ఆ \ తర్వాత */ చేర్చగానే కింది వరుసకు ప్రాణం వస్తుంది. అది మోటారును ఆన్, ఆఫ్ చేసే రిలేకు ఎప్పుడో ఆపేసిన కమాండ్ అయితే? కామెంట్ మధ్యలో ఎవరైనా */ రాసి ఉంటే, అక్కడితోనే కామెంట్ ముగిసి మిగతాది కోడ్ అయి కూర్చుంటుంది. ఒక్కొక్కటీ చూసి చేత్తో మార్చండి. విసుగే, కానీ తప్పదు.

కంట్రోలర్ సెట్టింగుల కోసం జేసన్ (JSON) ఫైల్ వాడుతుంటే అందులో ఏ రకం కామెంటూ చెల్లదు. విఎస్ కోడ్ తన సొంత సెట్టింగ్స్ ఫైల్‌లో ఒప్పుకుంటుంది కాబట్టి కుర్రాళ్లకు అదే అలవాటు. బోర్డులో ఆ ఫైల్‌ను చదివే పార్సర్ ఒప్పుకుంటుందని నమ్మకం లేదు.

రంగు చూసుకున్నాక కంపైలర్‌తో కూడా తనిఖీ చేయించండి. జీసీసీ (GCC) కంపైలర్‌కు ఏ ఆప్షనూ ఇవ్వకపోతే // ను కిమ్మనకుండా మింగేస్తుంది. సీ90 మోడ్ (1990 నాటి సీ ప్రమాణం) పెట్టి, ప్రమాణం దాటితే తప్పని చెప్పే పెడాంటిక్ ఎర్రర్స్ ఆన్ చేయండి. ఆ తర్వాత బోర్డుకు ఎక్కించి, ఒక రాత్రంతా షెడ్‌లోనే నడిపి చూశాక చెరువు గట్టుకు పంపండి.