ఇంగ్లీష్ తర్వాత ఏ భాష?

ఇంగ్లీష్ తర్వాత ఏ భాష నేర్చుకోవాలని మా పుత్తూరు పిల్లలు అడిగితే, "నేర్చుకుని ఎవరితో మాట్లాడతావు?" అని ముందు అడుగుతాను. డిగ్రీలో ఉన్నప్పుడు, స్నేహితురాలు చేరిందని నేనూ ఫ్రెంచ్‌లో చేరాను. మాట్లాడేందుకు ఒక్క మనిషీ లేక మూడు నెలలకే వదిలేశాను. ఆ ఫీజు అమ్మ పాలు పోసి కూడబెట్టిన డబ్బు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జర్మనీలో నర్సుగా చేయాలంటే మామూలుగా బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) జర్మన్ అడుగుతారు. అలాంటి లక్ష్యం ఉన్నవాళ్లకు వేరే ఆలోచన వద్దు. లక్ష్యం తేలనివాళ్లు చుట్టూ చూడండి. మనకు శ్రీసిటీ పారిశ్రామికవాడ ఉంది. ఇసుజు, డైకిన్, కోబెల్కో లాంటి జపాన్ కంపెనీలు అక్కడున్నాయి. అందుకే నేను జపనీస్ పట్టుకున్నాను.

దాని వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది. "నేను నీళ్లు తాగుతాను" అంటే "వతాషి వ మిజు ఒ నోమిమస్". 'మిజు' నీళ్లు, 'ఒ' మన 'ను' విభక్తి లాంటిది, క్రియ చివర్లో. కొరియన్‌లోనూ క్రియ చివరే వస్తుంది. కష్టమంతా రాతలో ఉంది. హిరగానా, కటకానా అని రెండు లిపులు, ఒక్కోదానిలో 46 మూల అక్షరాలు, ఆపైన చైనా లిపి నుంచి వచ్చిన కంజి అక్షరాలు. జపాన్ ప్రభుత్వ వాడుక జాబితాలోనే 2,136 కంజి ఉన్నాయి. టెన్షన్ పడకండి, జపనీస్ భాషా పరీక్షలో మొదటి మెట్టు ఎన్5కి సుమారు వంద చాలు.

ఫీజు కట్టేముందు రెండు వారాలు రోజూ అరగంట యూట్యూబ్ పాఠాలు వినండి. నేను తిరుపతి రైల్లో హిరగానా రాసుకునేదాన్ని. పదిహేనో రోజు కూడా నోట్‌బుక్ తెరవాలనిపిస్తే, అప్పుడు చేరండి.