లైసెన్సులో ఏ తరగతి ఉంటే ఏ బండి నడపవచ్చు: సరిహద్దు ఒడిశా తెలుగువారి కోసం

పర్లాకిమిడిలో కాపురముంటూ పాతపట్నం వైపు పొలం చూసుకునేవారు, రాయగడ నుంచి పార్వతీపురానికి తరచూ వెళ్లివచ్చేవారు మొదట అడిగేది ఒడిశా లైసెన్సు ఆంధ్రలో చెల్లుతుందా అనే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఏ రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్సయినా దేశమంతటా చెల్లుతుంది. అయితే ఒక మనిషికి ఒకే లైసెన్సు ఉండాలి. ఇటు, అటు రెండు చోట్లా ఇల్లున్నదని రెండు తీసుకోవడం చట్టవిరుద్ధం. పెళ్లయి శ్రీకాకుళం నుంచి గుణుపురం వచ్చిన ఆడపడుచు కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేయనక్కరలేదు. పాతదానిలో చిరునామా మార్పించుకుంటే చాలు.

నిజంగా చూసుకోవలసింది లైసెన్సు మీద రాసి ఉన్న వాహన తరగతిని. ద్విచక్ర వాహనాలలో గేర్లు లేనివి ఒక తరగతి, గేర్లున్నవి మరొకటి. స్కూటరు మీద పరీక్ష ఇచ్చి గేర్లు లేని తరగతి మాత్రమే పొందినవారు అన్నగారి మోటారుసైకిలు తీయకూడదు. 16 ఏళ్లు నిండినవారికి పెద్దల అంగీకారంతో లైసెన్సు ఇస్తారు కానీ, అది 50 సి.సి. మించని, గేర్లు లేని బండికే. నేడు ఇళ్లలో ఉండే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ ఆ పరిమితిని దాటినవే. కాబట్టి ట్యూషనుకు వెళ్లే పిల్లల చేతికి తాళం ఇచ్చే ముందు తల్లిదండ్రులు దయచేసి ఆలోచించాలి. మైనరు నేరం చేస్తే సంరక్షకునికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

కారు, జీపు, ట్రాక్టరు ఎల్.ఎం.వి., అంటే తేలికపాటి మోటారు వాహనం కిందికి వస్తాయి. ఇక్కడ కొలత బండి ఆకారం కాదు, బరువు. రవాణా బండికైతే అనుమతించిన సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు మించకూడదు. కారుకు, ట్రాక్టరుకు ఖాళీ బరువును చూస్తారు. ఆ అంకె ఆర్.సి.లో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటుంది. పసుపు నంబరు పలక ఉన్న ఆటోకు, చిన్న సరుకు వ్యానుకు వేరే తరగతి కావాలా అన్న వివాదం చాలాకాలం నడిచింది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్.ఎం.వి. లైసెన్సుతో నడపవచ్చని తేల్చింది. జీడిపప్పు, కూరగాయలు వేసుకుని తిరిగే మన డ్రైవర్లకు ఇది పెద్ద ఊరట. ఇ-రిక్షాలకు, పెట్రోలు వంటి ప్రమాదకర సరుకు మోసే బండ్లకు మాత్రం ప్రత్యేక నియమాలు అలాగే ఉన్నాయి.

ఆ బరువు దాటిన లారీకి, బస్సుకు రవాణా తరగతి తప్పనిసరి. 20 ఏళ్లు నిండాలి, ఎల్.ఎం.వి. లైసెన్సు కనీసం ఏడాదిగా ఉండాలి, వైద్య ధ్రువపత్రం జతచేయాలి. కోరాపుట్ ఘాట్ రోడ్డు మలుపుల్లో నిండు లారీని దించడం చూసినవారికి ఈ ఏడాది గడువు ఎందుకో విడమరచి చెప్పనక్కరలేదు.

కొత్త తరగతి కావలసినవారు తమ పాత లైసెన్సుకే దాన్ని చేర్చమని, లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైటు అయిన సారథి పోర్టల్‌లో కోరాలి. ముందుగా ఆ తరగతికి ఎల్.ఎల్.ఆర్., అంటే నేర్చుకునేవారి లైసెన్సు తీసుకోవాలి, దాని గడువు ఆరు నెలలు. 30 రోజులు గడిచాక, ఆ గడువులోపే, ఆ తరగతి బండినే తీసుకువెళ్లి పరీక్ష ఇవ్వాలి.