డిగ్రీ కళాశాల కబురు విద్యార్థి ఫోనుకు చేరాలంటే

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. దరఖాస్తుకు ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్ నంబరు కావాలి కాబట్టి, తమ పేరిట అలాంటి నంబరు లేని పిల్లలు తండ్రిదో తల్లిదో ఇస్తారు. కళాశాల ఆ జాబితానే దించుకొని వాట్సాప్ గ్రూపు తయారుచేస్తే, పరీక్ష ఫీజు తేదీలూ స్కాలర్‌షిప్ కబుర్లూ పొలంలో ఉన్న తండ్రి ఫోనులో పడి ఉండిపోతాయి.

అందుచేత తరగతులు మొదలైన మొదటి వారంలోనే నంబర్లను మళ్లీ సేకరించాలి. గూగుల్ ఫారంలో మూడు ప్రశ్నలు చాలు: మీరు వాట్సాప్ చూసుకునే నంబరు ఏది, ఆ ఫోను మీ ఒక్కరిదేనా లేక ఇంట్లో వారితో కలిసి వాడతారా, అది పనిచేయకపోతే ఎవరికి ఫోను చేయాలి. వీటిలో రెండో ప్రశ్నే ముఖ్యమైనదని నా అనుభవం. అన్నతో ఒకే ఫోను పంచుకునే అమ్మాయికి అది రాత్రి ఏడు దాటాక గాని చేతికి రాదు. ఉదయం పదింటికి సందేశం పంపి మధ్యాహ్నానికల్లా జవాబు కావాలనడం ఆమెకు అన్యాయం చేయడమే. నంబర్లు తరచూ మారుతుంటాయి కనుక ప్రతి సెమిస్టరు ఆరంభంలో జాబితాను సరిచూసుకోవాలి.

వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా పడతారు గనుక కళాశాల మొత్తానికి ఒకే గ్రూపు పెడదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అది వద్దని గట్టిగా చెబుతాను. గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనబడుతుంది. ముక్కూమొహం తెలియని వారి నుంచి ఫోన్లు రావడం మొదలైతే అమ్మాయిలు ఎవరికీ చెప్పకుండా గ్రూపు వదిలి వెళ్లిపోతారు, వారికి శ్రద్ధ లేదని మనం అనుకుంటాం. అందరికీ వర్తించే ప్రకటనలకు వాట్సాప్ ఛానల్ పెట్టుకుంటే, అనుసరించే వారి నంబర్లు ఒకరివి ఒకరికి తెలియవు. సెక్షన్‌కు ఒక గ్రూపు పెట్టి, అందులో అడ్మిన్లు మాత్రమే రాసేలా అమర్చాలి. పాఠాలు, అసైన్‌మెంట్లు గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఉండాలి. గ్రూపులో వేసిన నోట్సు నాలుగు రోజులకే కిందికి వెళ్లిపోతుంది, ఎవరు అసైన్‌మెంటు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో తేలదు.

ఇక సందేశం రాసే తీరు. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన సర్క్యులర్‌ను ఫోటో తీసి అలాగే గ్రూపులో వేయడం మన కళాశాలల్లో మామూలైపోయింది. ఫోటో వంకరగా ఉంటుంది, ముద్ర పడినచోట అక్షరాలు కనబడవు, అసలు తేదీ మూడో పేరాలో ఎక్కడో ఉంటుంది. పగిలిన చిన్న తెర మీద దాన్ని పెద్దది చేసుకొని చదవాల్సిన విద్యార్థిని తలచుకొని, సర్క్యులర్‌కు పైన ఇలా నాలుగు వాక్యాలు టైపు చేయాలి: “బీకాం మూడో సెమిస్టరు వారికి. పరీక్ష ఫీజు కట్టడానికి చివరి రోజు 18వ తేదీ, మంగళవారం సాయంత్రం 4 గంటలు. ఆధార్ నకలు, పాత హాల్‌టికెట్ తీసుకొని ఆఫీసులో రెండో కౌంటరుకు రండి. ఆ రోజు దాటితే అపరాధ రుసుముతో కట్టాల్సి వస్తుంది.”

డేటా అయిపోయిన వారికి, మామూలు ఫోను వాడేవారికి ఎస్సెమ్మెస్సే దిక్కు. తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షర సంకేతాలే పడతాయి, గుణింతపు గుర్తులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఇంగ్లీషులో 160 పడతాయి. పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం మూకుమ్మడిగా పంపే సందేశాల నమూనాలను ముందే టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేయించాలి. ఫీజు, హాల్‌టికెట్, సెలవు ప్రకటనల నమూనాలను వేసవిలోనే సిద్ధం చేసుకుంటే పరీక్షల వేళ హడావుడి ఉండదు.

పంపడంతో పని పూర్తికాదు. గ్రూపులో మనం పెట్టిన సందేశాన్ని నొక్కి పట్టి వివరాలు తెరిస్తే ఎవరు చదివారో తెలుస్తుంది. నీలి టిక్కులు ఆపుకున్న వారి సంగతి కూడా గ్రూపులో కనిపిస్తుంది. గడువుకు మూడు రోజుల ముందు ప్రతి మెంటరూ, అంటే కొందరు విద్యార్థుల బాగోగులు చూసే అధ్యాపకుడు, తన పాతికమందిలో చదవని వారికి ఫోను చేయాలి. ఒకసారి స్కాలర్‌షిప్ బయోమెట్రిక్ కోసం నేను అలా ఐదుగురికి చేశాను. ఒకరి ఫోను రిపేరు షాపులో ఉంది. ఒకరు తాపీ పనికి వెళ్తున్నాడు, నెల రోజులుగా రీచార్జి లేదు. అతడి తల్లికి విషయం చెబితే మర్నాడు ఉదయమే వచ్చి వేలిముద్ర వేసి వెళ్లాడు.

ఫీజు బకాయిలు, మార్కులు, హాజరు తక్కువైన వారి పేర్లు గ్రూపులో ఎప్పుడూ పెట్టకూడదు. అవి ఆ విద్యార్థికి విడిగా చెప్పాల్సిన మాటలు. అధ్యాపకులు రాత్రివేళ విద్యార్థినులకు సొంత నంబరు నుంచి విడిగా సందేశాలు పంపే పద్ధతి ఉండకూడదు, కళాశాల నంబరు ఒకటి ఉంటే ఆ అవసరమే రాదు. ర్యాగింగ్ ఫిర్యాదుల నంబరు 1800-180-5522, మానసిక సాయానికి టెలీ మానస్ నంబరు 14416 మాత్రం ప్రతి గ్రూపులోనూ పైన పిన్ చేసి ఉంచాలి.

చివరి పరీక్ష అయిన రోజునే గ్రూపును మూసేయకండి. ఫలితాలు, రీవాల్యుయేషన్, సప్లిమెంటరీ తేదీలు అన్నీ ఆ తర్వాతే వస్తాయి, అప్పటికి పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ఆఖరి విద్యార్థి ప్రొవిజనల్ సర్టిఫికెట్ అందుకునేదాకా దాన్ని నడిపించాలి.