పాత బండి స్టార్ట్ కానప్పుడు: ప్లగ్ రంధ్రం తెరిచి ఉంచి కరెంటు చూడకండి

ఈ మధ్య మాకు తెలిసినవారి ఇంట్లో, నెలల తరబడి మూలన పడి ఉన్న పాత మోటారు సైకిలును స్టార్ట్ చేసే ప్రయత్నంలో భగ్గున మంట లేచి, ఒక యువకుడి ముంజేయి, కనుబొమలు కాలిపోయాయి. ట్యాంకు పగలలేదు, పెట్రోలు పైపు ఊడలేదు. పాత బండి మొరాయించినప్పుడు ప్లగ్‌కు కరెంటు వస్తోందా, అంటే దాని మొనల మధ్య నిప్పురవ్వ పడుతోందా అని అందరూ చేసే పరీక్షనే అతడూ చేశాడు. కనుక తాళం చెవి తిప్పారా, ట్యాంకులో పెట్రోలు ఉందా వంటి సంగతులను పక్కన పెట్టి, ఆ పరీక్ష గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ప్రమాదం ఎలా పేరుకుంటుందో ముందుగా చూడాలి. బండి పలకకపోతే చోక్ లాగి కిక్ మీద కిక్ కొడతాము. ప్రతి కిక్కుకూ, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ నుంచి కొంత పెట్రోలు సిలిండరులోకి చేరుతుంది కానీ మండదు, చివరకు ప్లగ్ తడిసిపోతుంది. అప్పుడు ప్లగ్ విప్పి, దానికి కరెంటు తెచ్చే తీగ చివరి క్యాప్‌కు తగిలించి, చేతికి అందిన చోట, అంటే ఆ రంధ్రానికి బెత్తెడు దూరంలోనే ఇంజన్ హెడ్ మీద ఆనించి మళ్ళీ కిక్ కొడతాము. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు లోపలి పెట్రోలు ఆవిరి, సన్నని తుంపరలతో సహా, ఆ రంధ్రంలో నుంచి బుస్సుమని బయటికి వస్తుంది; సరిగ్గా పిస్టన్ పైకి చేరే వేళకే ప్లగ్ మొనల మధ్య టిక్కుమంటూ నీలిరవ్వ మెరుస్తుంది. అంటే ఇంజన్ లోపల జరగవలసిన దహనాన్ని మన ముఖానికి ఎదురుగా బయట జరిపిస్తున్నామన్నమాట. చాలాసార్లు ఏమీ కాదు. ఆ ఏమీ కాకపోవడమే ఈ అలవాటును ఇన్నేళ్ళుగా బతికిస్తోంది.

పెట్రోలు సున్నాకు దిగువ 40 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కూడా అంటుకోగలిగినంత ఆవిరిని ఇస్తుంది కనుక చలికాలమని ధైర్యపడటానికి వీలు లేదు. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది. పైకి పోయి చెదిరిపోకుండా ఇంజన్ చుట్టూ, నేల మీద పరచుకుంటుంది. గాలిలో దాని పాలు ఒకటిన్నర శాతానికి చేరితే చాలు, అంటుకుంటుంది. వాసన ఆగిపోయిందని ముక్కును నమ్ముకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే పెట్రోలు వాసనకు ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది.

కరెంటు చూసే పద్ధతి

ఆరుబయటికి బండిని తీసుకురండి. పెట్రోలు ట్యాపు కట్టేయండి. ప్లగ్ తడిసి ఉంటే, దాన్ని విప్పి, ఇగ్నిషన్ ఆపి, క్యాప్‌ను రంధ్రానికి దూరంగా ఉంచి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్కులు కొడితే లోపలి పెట్రోలు బయటికి పోతుంది. ఆ సమయంలో ముఖాన్ని రంధ్రానికి ఎదురుగా ఉంచకూడదు. కారినదంతా తుడిచి, ఆ గుడ్డను దూరంగా పెట్టి, ఆవిరి పోయేవరకు కొంతసేపు ఆగాలి. తరువాత పాత ప్లగ్‌ను మళ్ళీ దాని రంధ్రంలోనే బిగించండి. పరీక్షకు మంచిదని తెలిసిన మరొక ప్లగ్‌ను క్యాప్‌కు తగిలించి, తీగ ఎంత సాగితే అంత దూరంగా, కార్బొరేటర్ లేని వైపున, శుభ్రమైన లోహానికి గట్టిగా తాకేలా అమర్చండి. రంధ్రం మూసి ఉండాలి. రెండో ప్లగ్ లేదనుకుంటే పరీక్షను రేపటికి వాయిదా వేసుకోవడమే మేలు. ఒక ప్లగ్ కొనడానికి బద్ధకించి చేతులు కాల్చుకోనవసరం లేదు.

ప్లగ్ లోహభాగం ఇంజన్‌కు సరిగా తగలకపోతే, ప్లగ్‌కు వేల వోల్టులు అందించే కాయిల్ లోపలి ఇన్సులేషన్ దెబ్బతినవచ్చు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండిలో ఆ ఇగ్నిషన్ పెట్టె కూడా పోవచ్చు. ప్లగ్‌ను చేత్తో పట్టుకోవద్దు, ఎందుకంటే తీగలో వేల వోల్టులు ఉంటాయి, ఉలిక్కిపడిన చేయి ఎక్కడికి తగులుతుందో చెప్పలేము.

పెట్రోలు, కిక్

నిలిపి ఉంచిన బండికి ట్యాపు తెరిచి వదిలేస్తే, కార్బొరేటర్ నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది అరిగిపోయిన పాత బండ్లలో పెట్రోలు రాత్రంతా కారి సిలిండరులోకి, అక్కడి నుంచి ఇంజన్ ఆయిల్‌లోకి చేరుతుంది. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన కొడితే ఆ ఆయిల్‌తో ఇంజన్ తిప్పకూడదు. కిక్ రాడ్ సగంలో రాయిలా ఆగిపోతే బలం ఉపయోగించవద్దు: ద్రవం నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ విప్పి, ఇగ్నిషన్ ఆపి, మెల్లగా తిప్పి ఖాళీ చేయాలి.

టైమింగ్, అంటే రవ్వ పడే వేళ, తప్పిన ఇంజన్ కిక్‌ను ఎదురు తంతుంది. మడమ ఎముకలు విరిగినవారిని చూశాను. చెప్పులతో కిక్ కొట్టవద్దు, మోకాలిని బిగపట్టి కూడా కొట్టవద్దు.

ఇక మిగిలినవి

కార్బొరేటర్ నోట్లో గానీ ప్లగ్ రంధ్రంలో గానీ పెట్రోలు పోసి కిక్ కొట్టవద్దు. వెనక్కి పేలితే మంట కార్బొరేటర్ నోట్లో నుంచే వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ విప్పి ఉంచి స్టార్ట్ చేయవద్దు, ఆ మంటకు అదొక్కటే అడ్డు. ప్లగ్‌ను పెట్రోలుతో కడిగి తడి ఆరకముందే పరీక్షించవద్దు. అగ్గిపుల్ల వెలిగించి ట్యాంకులోకి చూసేవారు ఇంకా ఉన్నారు. టార్చి వాడండి, అదీ కార్బొరేటర్‌కు దూరం నుంచి. బీడీ, సిగరెట్, ఫోన్ చార్జర్, గ్రైండర్, ఏవీ దగ్గర ఉండకూడదు. పిల్లలను పక్కన నిలబెట్టుకోవద్దు. తలుపులు మూసిన గదిలో ఇంజన్ ఆడించవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పొడి ఇసుక బకెట్ గానీ పొడి రసాయన అగ్నిమాపకం గానీ చేతికి అందే దూరంలో ఉండాలి. మంట లేస్తే నీళ్ళు పోయవద్దు, పెట్రోలు నీటిమీద తేలుతూ మంటను విస్తరింపజేస్తుంది. ట్యాపు అందితే కట్టండి, అందకపోతే బండిని వదిలేసి దూరం వెళ్ళండి. బట్టలకు పెట్రోలు తగిలితే పని ఆపి మార్చుకోండి. పది కిక్కులకు పలకని బండి పదకొండో కిక్కుకు పలుకుతుందన్న ఆశతో కొట్టవద్దు, తడి పెరుగుతుంది. ఎవరైనా మెకానిక్ మీ ముందే రంధ్రం తెరిచి ఉంచి కరెంటు చూపిస్తానంటే వద్దని చెప్పండి. ఆయనకు అది పాతికేళ్ళ అలవాటు కావచ్చు, అయినా వద్దని చెప్పండి. ప్లగ్ రంధ్రం మూయకుండా ఇగ్నిషన్ ఆన్ చేయవద్దు.