బెంగళూరులో ఆరో తరగతికొచ్చిన పిల్లలకు ఇంట్లో ఎలా సాయం చేయాలి?

ఐదో తరగతి దాకా చాలా స్కూళ్లలో క్లాసు టీచరే అన్నీ కనిపెట్టుకుని ఉంటారు. ఆరులోకి రాగానే సబ్జెక్టుకో టీచరు, పీరియడుకో నోట్‌బుక్కు. ఎవరు ఏం చేయమన్నారో, ఎప్పటికి ఇవ్వాలో పిల్లలే గుర్తుపెట్టుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా మార్కులు జారిపోయేది ఎక్కువగా ఇక్కడేనని నా అభిప్రాయం. దానికి ట్యూషన్ మందు కాదు.

1. డైరీ పిల్లల చేతికివ్వండి. రాత్రి తొమ్మిది దాటాక క్లాసు వాట్సాప్ గ్రూపులో "రేపు సైన్సుకి ఏం పంపాలండీ?" అని అడిగేది అమ్మానాన్నలే. అది పిల్లల డైరీలో ఉండాల్సిన సంగతి. జూన్‌లో కొన్నాళ్లు రోజూ పక్కన కూర్చుని డైరీ చూడండి. తర్వాత రోజు విడిచి రోజు. దసరా సెలవులయ్యాక ఆదివారం ఒక్కసారి చాలు. మధ్యలో ఏదో ఒకరోజు చార్టు మర్చిపోయి చీవాట్లు తింటారు, తిననివ్వండి. ఆటో ఎక్కి మరీ స్కూలు గేటు దాకా చార్టు మోసుకెళ్లకండి.

2. లెక్కల్లో భిన్నాలు గట్టిపడ్డాయో లేదో చూడండి. పై తరగతుల్లో బీజగణితం అర్థం కాలేదంటే చాలాసార్లు లోపం భిన్నాల దగ్గరే ఉంటుంది. 1/2కి 1/3 కలిపితే ఎంతని అడగండి. 2/5 అంటే వెంటనే తప్పని చెప్పకండి. "2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?" అని అడిగి ఊరుకోండి. సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గిందేమిటని వాళ్లకే అనుమానం రావాలి. అప్పుడు ఒక చపాతీ తీసుకుని ఆరు ముక్కలు చేయండి. సగమంటే మూడు ముక్కలు, మూడో వంతంటే రెండు, మొత్తం 5/6. ఇది అర్థం కాని పిల్లల్ని ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పిస్తే ఫీజు దండగ.

3. కన్నడకు భయపడనివ్వకండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బదిలీ మీద వచ్చిన ఇళ్లలో పెద్ద గుబులు ఇదే. కర్ణాటక స్కూళ్లలో కన్నడ నేర్పడం మీద 2015లో చట్టమే వచ్చింది కాబట్టి తప్పించుకునే దారులు వెతకడం కన్నా నేర్చుకోవడమే సులువు. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకు సగం పని అయిపోయినట్టే. చాలా అక్షరాలు ఒకేలా ఉంటాయి. క, త, శ లాంటివి వేరుగా ఉంటాయి, అవి విడిగా రాయించండి. మన 'ప' చాలా మాటల్లో అక్కడ 'హ' అవుతుంది: పాలు హాలు, పులి హులి, పాము హావు. ఇలాంటి జతలు పిల్లలే వెతికి రాసుకుంటే మాటలు ఇట్టే పట్టుబడతాయి. బీఎంటీసీ బస్సు మీద ఊరి పేరు, మెట్రో స్టేషన్ బోర్డు చదివించండి. కూరగాయల బండి దగ్గర బేరం వాళ్లనే ఆడనివ్వండి. ఏళ్ల తరబడి ఇక్కడుండి 'కన్నడ గొత్తిల్ల' (కన్నడ రాదు) దగ్గరే ఆగిపోయిన మనలాంటి పెద్దలం పక్కన నిలబడి వింటే, మనకూ నాలుగు ముక్కలు అబ్బుతాయి.

4. హోంవర్కుకు గడియారం పెట్టండి. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ఆరు నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు గంటకు మించి హోంవర్కు వద్దంది. రోజూ రెండున్నర గంటలు పడుతోందంటే స్కూలు ఎక్కువ ఇస్తోందా, పక్కనున్న ఫోను నమిలేస్తోందా తేల్చుకోండి.

5. నిద్రలో కోత పెట్టకండి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ పుణ్యమా అని పొద్దున్నే బస్సెక్కే పిల్లలు పదిన్నర దాకా మేలుకుంటే మొదటి పీరియడంతా తూగుతారు.

6. పేరెంట్స్ మీటింగ్‌కు జవాబుపత్రం పట్టుకెళ్లండి. "మావాడు ఎలా చదువుతున్నాడు మేడం?" అంటే "బాగానే చదువుతాడు, కాస్త శ్రద్ధ పెట్టాలి" అన్న జవాబే వస్తుంది. పేపరు తెరిచి "ఈ ప్రశ్నకు ఐదులో రెండే వచ్చాయి, ఏం రాసి ఉండాల్సింది?" అని అడగండి. పిల్లాణ్ణీ పక్కనే కూర్చోబెట్టుకోండి, ఆ జవాబు వినాల్సింది వాడే.